ఊపిరికి మీటరు

మెట్టుగూడ, సికింద్రాబాద్
9 జూన్ 2003

ప్రభువునందు ప్రియమైన బావమరిది రిచర్డ్‌కు,

వందనాలు. నీ పార్శిల్ అందింది. "తమ్ముడు పంపాడు" అని మీ అక్క కళ్ళు తుడుచుకుంది. విప్పి చూస్తే ఏముంది? ఒక రబ్బరు మూత, సన్నని గొట్టం, ఆక్సిజన్ పసిగట్టే సెన్సార్ అని నువ్వు చీటీ అంటించిన తెల్ల డబ్బీ, కరెంటు పనివాళ్ళ మీటరు. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళ ఉద్యోగం వదిలి, ఏ.ఎస్. రావు నగర్‌లో ఇంటికి తాళం వేసి, పోర్ట్ బ్లెయిర్ పోయి నువ్వు సాధించింది ఇదా? సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ వీపున సిలిండర్లు కట్టి సముద్రంలో దించడం, దించేముందు అందులో ఆక్సిజన్ ఎంతుందో కొలవడం! చేపల్ని చూడాలంటే వాళ్ళకి మోండా మార్కెట్ చాలదా?

మంటిముద్ద ముక్కులో దేవుడు ఊపిరి ఊదిన రోజున పక్కన మీటరు పట్టుకుని ఎవడైనా నిలబడ్డాడా? యోనా మూడు రోజులు చేప కడుపులో ఉన్నాడు, ఏ పాళ్ళు సరిచూసుకుని దిగాడు?

వెంట్రుక మాత్రం దూరే రంధ్రంతో ఇత్తడి ముక్క చేసిపెట్టమన్నావు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు లేత్ మీద ఇంజన్లకు పనిచేసిన చేతులివి. ఆటబొమ్మలకు చెయ్యవు.

మీ అక్క ఊపిరితిత్తులు అలాగే ఉన్నాయి. నెల నుంచి ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టాం. మన సంఘపు ప్రభుదాస్ తన బోయిగూడ దుకాణం నుంచి సిలిండర్ తెచ్చి, బిగించి, మోకాళ్ళూని ప్రార్థన చేసి మరీ వెళ్తాడు. అయినా ఆయాసం తగ్గదు, కూర్చునే నిద్రపోతోంది. లోపం ఎక్కడో నాకు తెలుసు. మొన్న చెప్పేశాను: "విజయా, ముక్కులోకి ఆక్సిజన్ పోతోంది, మనసులో అవిశ్వాసం దాన్ని తరిమేస్తోంది." గోడవైపు తిరిగింది.

నీ ఆత్మ గురించి భారంతో,
నీ బావ దేవసహాయం

పోర్ట్ బ్లెయిర్
19 జూన్

ప్రియమైన బావకు,

వందనాలు. తిట్లన్నీ క్షేమంగా చేరాయి, ఒక్కటి కూడా దారిలో పోలేదు.

కొన్న మీటరు ఇక్కడి ఉప్పుగాలికి చచ్చింది. అందుకే సొంతంగా చేస్తున్నాను. మామూలు గాలిలో నూటికి ఇరవై ఒక్క పాళ్ళు ఆక్సిజన్. మేము ముప్పై రెండు పాళ్ళు నింపుతాం. అది హద్దు దాటితే లోతుకు వెళ్ళినవాడికి ఫిట్స్ వస్తాయి, అక్కడ ఫిట్స్ వస్తే మునగడమే. పోయినేడు పక్క డైవింగ్ దుకాణం నుంచి దిగిన ఒక అమ్మాయి తిరిగి పైకి రాలేదు. సిలిండర్ మీద రాసింది నమ్మింది, అంతే. నీ ఇత్తడి ముక్క ఉంటే గాలి బుస్సుమనకుండా సన్నగా వచ్చి సెన్సార్‌కు తగులుతుంది.

ఇంకొక్క సాయం. మీటరును రెండుచోట్ల సరిచూడాలి. వాకిట్లో పెడితే 21 చూపాలి, అచ్చమైన ఆక్సిజన్‌కు పెడితే 100 దగ్గర చూపాలి. మా అచ్చమైన సిలిండర్ అయిపోయింది, మళ్ళీ ఓడ రావాలి. అక్క సిలిండర్ ఉందిగా. దానికి గొట్టం తగిలించి అంకె రాసి పంపు.

అక్కను అలా అనకు బావా. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే.

నీ బావమరిది
రిచర్డ్

మెట్టుగూడ
30 జూన్

ప్రభువునందు ప్రియమైన, అయినా మూర్ఖుడవైన రిచర్డ్‌కు,

వందనాలు. ముక్క చేశాను. చేసేదాకా అన్నం ముట్టనని మీ అక్క మొండికేసింది కాబట్టి చేశాను.

ఇక నీ ఘనకార్యం విను. వాకిట్లో పెట్టాను: 21. మీ అక్క సిలిండర్‌కు పెట్టాను: 21. మళ్ళీ వాకిలి, మళ్ళీ సిలిండర్. 21, 21! బస్సుల పొగకూ ప్రాణవాయువుకూ తేడా తెలియని నీ యంత్రాన్ని నమ్మి మనుషుల్ని నీళ్ళలో దించుతావా?

ఆదివారం ఆరాధనలో నా ప్రసంగం మధ్య దీన్నే చేతపట్టుకుని చూపించాను. "చూడండి, లోకజ్ఞానం! దీని కళ్ళకు అన్నీ ఇరవై ఒకటే!" సంఘమంతా నవ్వింది. ప్రభుదాస్ ఒక్కడే నవ్వలేదు. గుమ్మం దాకా వచ్చి, "ఆ వస్తువు ఇంట్లో ఉంచకండి అయ్యగారూ, ఆత్మకు మంచిది కాదు" అన్నాడు. అదీ వివేచన అంటే!

మీ అక్క నాలుగు అడుగులు వేసి కూలబడుతోంది. దాని విశ్వాసం కోసం ఉపవాసముంటున్నాను.

నీ బావ
దేవసహాయం

9 జూలై

బావా,

మూడుసార్లు ఫోన్ చేశాను. నా గొంతు వినగానే పెట్టేశావు. అందుకే మీ ఎదురింటి డోరాకు ఈమెయిల్ చేస్తున్నాను. ఆఫీసులో ప్రింటు తీసి నీ చేతికిస్తుంది.

మీటరు తప్పు చెప్పలేదు. వాకిట్లో 21 సరిగ్గా చూపింది. సిలిండర్‌లోనూ 21 అంటే అందులో ఉన్నది వాకిట్లో గాలే. రెండు నెలలుగా అక్క ముక్కుకు గొట్టం పెట్టుకుని ఒట్టి గాలి పీలుస్తోంది.

నీ ఉత్తరం ఇవాళే చేరింది. అంటే ఇంకో తొమ్మిది రోజులు పోయాయి. నన్ను తర్వాత తిట్టు. ఆటో పిలువు.

రిచర్డ్

మెట్టుగూడ
21 జూలై

ప్రియమైన రిచర్డ్,

ప్రభువు పేరు పైన రాయడానికి ఈసారి చెయ్యి రాలేదు.

డోరా కాగితం తెచ్చినప్పుడు నేను చదవనన్నాను. "జెర చదవండి అంకుల్, తిట్టుడు మళ్ళ చూసుకుందురు" అని తనే గట్టిగా చదివింది. మీ అక్కను ఇద్దరం ఎత్తి ఆటోలో పడుకోబెట్టాం. ఆస్పత్రిలో గొట్టం పెట్టిన గంటకు దాని పెదాల నలుపు విరిగింది. వాళ్ళ సిలిండర్‌కు నీ మీటరు పెట్టనిమ్మని బతిమాలాను. 98 చూపింది.

అక్కడి నుంచి నేరుగా బోయిగూడ వెళ్ళాను. ప్రభుదాస్ దుకాణంలో ఇళ్ళకు పంపడానికి పేర్లు రాసిపెట్టిన సిలిండర్లు ఏడున్నాయి. ఏడూ ఇరవై ఒకటే. వాడి చొక్కా గల్లా పట్టుకున్నాను. వాడు వణకలేదు రిచర్డ్. "స్వస్థత ఇనుపడబ్బాలో లేదు, విశ్వాసంలో ఉందని మీరే కదా అయ్యగారూ బోధించింది?" అన్నాడు.

నా చెయ్యి దానంతటదే జారిపోయింది. నా ప్రసంగాన్నే వాడు సిలిండర్లలో నింపాడు.

వాణ్ణి పోలీసులు తీసుకెళ్ళారు. ఆదివారం పుల్పిట్ ఎక్కి ఆ ఏడిళ్ళ పేర్లు చదివి, క్షమించమని అడిగి, దిగిపోయాను. మళ్ళీ ఎక్కలేదు. వట్టి మాటలవాడి గురించి లేఖనం అన్నట్టు, తూర్పు గాలికి ఉబ్బిన తిత్తిని నేను.

నిన్న మీ అక్క ఇంటికొచ్చింది. కొత్త సిలిండర్‌ను ముందు మీటరుతో చూశాకే గొట్టం పెట్టాను. వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. లేచాక, "విజయా, నిన్ను అవిశ్వాసి అన్నాను" అని ఇంకేదో మొదలుపెట్టబోయాను.

"ప్రసంగం వద్దు. ఆ మీటరులోకి ఊదండి" అంది.

గొట్టంలోకి ఊదాను. నేను వదిలిన ఊపిరిలో ఆక్సిజన్ పదహారు. ఇంకోసారి, గుండెలనిండా పీల్చి ఊదాను. పదహారే.

"వాకిట్లో గాలే నయం కదండీ" అని నవ్వింది. ఆయాసం లేకుండా, చివరిదాకా నవ్వింది.

పన్నెండు ఇత్తడి ముక్కలు పంపుతున్నాను. ఒక్కో రంధ్రం దీపానికి ఎదురుగా పెట్టి చూశాను. మీటరు మాత్రం పంపను. ఇంకోటి చేసుకో.

పదహారు పాళ్ళవాడు,
నీ బావ