ప్రదక్షిణల తర్వాత పొంగలి

శనివారం, నిమ్మనపల్లె

కాళ్లు లాగుతున్నాయి. నిద్ర రావడం లేదు.

ఆస్పత్రి నర్సమ్మ ఈరోజు మా మహిళా సంఘంలో అందరికీ షుగర్ చూసింది. ఆమె, మేమూ కలిసి నెల రోజులుగా ఆడవాళ్లను పొద్దున్నే నడిపిస్తున్నాం. రోడ్డు మీద నడవాలంటే అందరికీ సిగ్గు. అందుకని ఆంజనేయస్వామి గుడి చుట్టూ ప్రదక్షిణలు చేద్దామన్నది నేనే.

చాలామందికి తగ్గింది. ఒక్కరోజు కూడా మానని రత్నమ్మక్కకు మాత్రం పెరిగింది. ఆమె కాలి మీద పుండు ఇంకా ఆరలేదు.

"ఏం తింటాండావమ్మా?" అని నర్సమ్మ అడిగింది.

"రాగిసంగటే తల్లీ. పొద్దున మటుకు శారదమ్మ చేసే పొంగలి. దేవుడి ప్రసాదం, వద్దనకూడదు కదా."

అందరూ నా వైపు చూశారు. "బెల్లమే కదమ్మా, దాంట్లో చక్కెర యాడుండాది?" అన్నాను మెల్లగా.

"బాగుండాదక్కా! నడిపించేదీ నువ్వే, షుగర్ ఎక్కించేదీ నువ్వే" అని నర్సమ్మ నవ్వింది.

రత్నమ్మక్క నవ్వలేదు. "కాలు తీసేస్తారా పాపా?" అని అడిగింది. నర్సమ్మ వంగి ఆ పుండును మళ్లీ చూసింది.

ఈ నెలంతా, ఇంకొంచెం పొంగలి వేయమని రత్నమ్మక్క చేయి చాపినప్పుడల్లా వేశాను. కళ్లకద్దుకుని తినేది.

మండలం రోజులు పొంగలి పెడతానని మొక్కుకున్నాను. ఇంకా పదకొండు రోజులున్నాయి. బియ్యం పక్కన పెట్టి, రేపు పొంగలికి బదులు గుగ్గిళ్లకని పెసలు నానబోశాను. పూజారికి పొద్దున చెప్పవచ్చు. స్వామికి చెబుదామని దీపం దగ్గరికి వెళ్లాను. చెప్పకుండానే, వత్తి ఎగదోసి వచ్చేశాను...