ఆరో పాఠం: మర్యాదగా వద్దనడం

జూన్ 4

పాఠకుల అభిప్రాయాల విభాగం వారికి,

నమస్కారం.

నేను ఇప్పుడే, అదీ కాగితం మీద రాయడానికి కారణం ఒక్కటే. నా ఈమెయిల్ మీ పాఠకుల చేతుల్లో ఉంది. నాకు వచ్చిన సీటును వాళ్ళలో ఎవరో వద్దని రాసేశారు.

మొదటి నుంచి చెబుతాను. ఈమెయిల్, ఇంటర్నెట్ వాడకం గురించి మీరు వేసిన పుస్తకం నిరుడు కొన్నాను. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. నాన్న బట్టలు ఇస్త్రీ చేస్తాడు. అమ్మ పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే గది ముందు వరండా తుడుస్తుంది. అచ్చులో ఉన్న మాటను మేం నమ్ముతాం. మీ పుస్తకం చివరి పేజీలో పైన "మీ అభిప్రాయం", దాని కింద "మీ ఈమెయిల్ చిరునామా", ఇంకా కింద "మీ పాస్‌వర్డ్: మరిచిపోకుండా ఇక్కడ రాసుకోండి" అని గడులు ఇచ్చారు. రాసుకున్నాను. ఆ కిందే "ఈ పేజీ చింపి మాకు పంపండి" అని ఉంది. చింపి పంపాను.

మీరు దాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీసి రెండో ముద్రణ వెనక అట్ట మీద వేశారు.

అప్పటి నుంచి కొత్తగా నేర్చుకునేవాళ్ళంతా నా ఈమెయిల్లోకి వచ్చి పాఠాలు చేసుకుంటున్నారు. నాలుగో పాఠం శుభాకాంక్షలు పంపడం. నా చిరునామాల్లో మొదట ఉన్నది మా బావది. మా మేనత్త నిన్న వచ్చి, "ఏమే, మావాడికి రోజు విడిచి రోజు పుట్టినరోజు శుభాకాంక్షలు పంపుతున్నావట. మనసులో ఏమన్నా ఉంటే మీ నాన్నతో చెప్పరాదూ, పిల్లాణ్ణి ఎందుకలా కంగారు పెడతావు?" అంది.

అది నవ్వి ఊరుకోవచ్చు. ఆరో పాఠం మర్యాదగా వద్దనడం. "అన్నిటికన్నా పైనున్న ఉత్తరం తెరిచి, నమూనాలో ఉన్నట్టు జవాబు పంపండి" అన్నారు. ఆ రోజు పైనున్నది, ఎక్స్‌రే టెక్నీషియన్ శిక్షణలో నాకు సీటు ఇచ్చామని కాలేజీ వాళ్ళు పంపిన ఉత్తరం. పదకొండో పాఠం పాస్‌వర్డ్ మార్చడం. అదీ ఎవరో శ్రద్ధగా చేశారు. ఇప్పుడు నా గదికి నేనే బయట నిలబడి ఉన్నాను.

ఆ జవాబు నేను రాసింది కాదని మీ ఆఫీసు సంతకంతో తెస్తే సీటు సంగతి చూస్తామని కాలేజీ వాళ్ళు అన్నారు. జూలై పదో తేదీ దాకా ఆపుతారు. దయచేసి ఆ కాగితం పంపండి.

ఇట్లు,
వెనక అట్ట మీది పాఠకురాలు

తా.క. మీకు ఫోన్ చేస్తే "అభిప్రాయాలు ఫోన్లో తీసుకోం" అని పెట్టేశారు. ఇది అభిప్రాయం కాదు.

*

జూన్ 12

ప్రియమైన పాఠకురాలికి,

విభాగం తరఫున కృతజ్ఞతాభివందనాలు.

మీ అమూల్యమైన అభిప్రాయం అందింది. మా పుస్తకం కొన్నవారు నాలుగు, ఆరు, చివరికి పదకొండో పాఠం దాకా స్వయంగా చేసి చూస్తున్నారని మీ ద్వారా తెలిసి మా యజమానిగారు పొంగిపోయారు. పాఠకులు రెండో పాఠం దగ్గరే పుస్తకం మూసేస్తారని మాకొక దిగులుండేది. మీరు దాన్ని తీర్చారు.

మీ పేజీ గురించి ఇతరులు రాసినవి కూడా మీకు సంతోషం కలిగిస్తాయి. రిటైరైన ఒక లెక్కల మాస్టారు ఇలా రాశారు: "ఇలాంటి పుస్తకాల్లో ఉదాహరణలన్నీ ఉత్తుత్తివే. ఇందులోది మాత్రం నిజంగా తెరుచుకుంది." బట్టలు కుట్టే ఒకావిడ: "ఆ అమ్మాయి ఉత్తరాలన్నీ చదివాను. మంచి పిల్ల. స్నేహితురాలితో గొడవపడి మాట మానేసిందే, అది మాత్రం తప్పని చెప్పండి."

మా దగ్గర మెచ్చుకోళ్ళకు ఒక అర, సూచనలకు ఒక అర ఉన్నాయి. సీటు పోవడం ఎందులోకి వస్తుందని కొంత చర్చ జరిగింది. ప్రస్తుతానికి సూచనల్లో పెట్టాం.

ఇట్లు,
విభాగం అధిపతి

తా.క. ఇకమీదట వంద మాటలు దాటకుండా రాస్తే అచ్చుకు వీలుగా ఉంటుంది.

*

జూన్ 17

అయ్యా,

నమస్కారం.

స్నేహితురాలి సంగతి ఆ కుట్టుపని ఆవిడకు అనవసరం. తప్పు దానిదే.

నేను సూచన చేయలేదు. మెచ్చుకోనూ లేదు. ఒక సంతకం అడిగాను. ఈలోగా మీ తొమ్మిదో పాఠం కూడా ఫలించింది. ఎవరో ఫారం నింపడం నేర్చుకుంటూ, పాస్‌వర్డ్ మారకముందే, నా పేరున సెక్యూరిటీ గార్డు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారు. మొన్న వాళ్ళు ఫోన్ చేశారు. "ఎత్తు ఆరడుగులని రాశారు, వెంటనే రమ్మనండి" అన్నారు. నేనే అంటే నమ్మలేదు. "మీ ఆయన్ని పిలవమ్మా, టైం లేదు" అన్నారు.

మా అమ్మ సంగతి చెబుతాను, అప్పుడైనా మీకు అర్థమవుతుందేమో. తను తుడిచే వరండా చివర ఎక్స్‌రే గది తలుపు ఉంది. లోపలికి వెళ్ళడానికి ఆమెకు అనుమతి లేదు, గడప దాకానే. నాకు సీటు వచ్చిన రోజు, "ఆ తలుపు ఇక మా అమ్మాయి తీస్తుంది" అని ఆసుపత్రిలో ఎదురుపడిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంది. ఇప్పుడు వాళ్ళు రోజూ అడుగుతున్నారు, ఎప్పుడు చేరుతోందని. అమ్మ నేల చూసి "వచ్చే నెల" అంటోంది. నేల తుడిచే మనిషి కదా, తల దించుకున్నా ఎవరికీ అనుమానం రాదు.

మీ పుస్తకం నా జీవితాన్నే మార్చేసింది. ఈ మాట అందరికీ చెప్పాలని ఉంది, దాన్ని ముట్టుకోకుండా ఉంటారని.

ఇట్లు,
సీటు పోగొట్టుకోబోతున్న మనిషి

తా.క. వంద మాటలు దాటాయి. క్షమించమని అడగను.

*

జూన్ 24

ప్రియమైన పాఠకురాలికి,

శుభవార్త. మీ రెండో ఉత్తరాన్ని ఏకగ్రీవంగా మెచ్చుకోళ్ళ అరలోకి మార్చాం.

మూడో ముద్రణ ముందు అట్ట మీద, పుస్తకం పేరు కింద, ఎర్ర అక్షరాలతో ఈ వాక్యాలు వస్తున్నాయి: "మీ పుస్తకం నా జీవితాన్నే మార్చేసింది. ఈ మాట అందరికీ చెప్పాలని ఉంది." కొద్దిగా కత్తిరించాం, చోటు చాలక. అచ్చు కూర్చే అతను చదివి కళ్ళు తుడుచుకున్నాడు. నేనే చూశాను.

మీకు ఉద్యోగం వచ్చిందని రాశారు, ఎత్తు కూడా కలిసొచ్చిందన్నారు. అభినందనలు. తొమ్మిదో పాఠం ఇంత తొందరగా ఫలితమిస్తుందని మేమే అనుకోలేదు. అమ్మగారి ఆరోగ్యం జాగ్రత్త. ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నారని రాశారు కదా.

కానుకగా ఒక ప్రతి పంపుతున్నాం.

ఇట్లు,
విభాగం అధిపతి

తా.క. కానుక ప్రతి చివరి పేజీలో గడులు ఖాళీగా ఉన్నాయి. నింపి, చింపి పంపగలరు.

*

జూన్ 28

విభాగం అధిపతి గారికి,

కానుక అందింది. నాన్న దాన్ని ఇస్త్రీ బల్ల కాలి కింద పెట్టాడు. బల్ల ఊగడం ఆగింది. మీ పుస్తకం వల్ల మా ఇంటికి జరిగిన మేలు ఇదొక్కటే. కావాలంటే అట్ట మీద వేసుకోండి.

నిన్న మళ్ళీ కాలేజీకి వెళ్ళాను. అక్కడి గుమస్తా మంచివాడు. నా పేరుతో వెళ్ళిన జవాబు తీసి చూపించాడు. "ఇంత మర్యాదగా వద్దన్నవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదమ్మా. మా ప్రిన్సిపాల్ గారు కూడా మెచ్చుకున్నారు. అందుకే నువ్వు రాయలేదంటే నమ్మకం కుదరట్లేదు. కోపంలో రాసినట్టుంటే ఎవరో ఆకతాయి అనుకునేవాళ్ళం" అన్నాడు.

మీ ఆఫీసులో ఉత్తరాన్ని ఉత్తరంలా చదివే మనిషి ఒక్కరున్నా ఇది ఆయన చేతికివ్వండి. లేరంటే ఈ పుస్తకం రాసిన నిపుణుడి చిరునామా అయినా ఇవ్వండి. ఆయనకైనా ఈమెయిల్ అంటే ఏమిటో తెలిసుంటుంది. మనిషన్నాక పాపభీతి ఉంటుంది.

ఇట్లు,
మీ అరల్లో ఎందులోనూ పట్టనిది

తా.క. పాస్‌వర్డ్ మార్చినవాళ్ళు దానితో పాటు ఏదో ఫోన్ నంబరు కూడా ఇచ్చారు. నేను తెరవబోతే ఈమెయిల్, ఆ నంబరుకు ఫోన్ చేసి అంకెలు చెబుతామంటోంది. ఆ ఫోన్ ఎవరి దగ్గరుందో ఆ దేవుడికే తెలియాలి.

*

జూలై 1

అమ్మాయీ,

ఆశీస్సులు. ఇది ఆఫీసు కాగితం కాదని గమనించే ఉంటావు. ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

నువ్వు అడిగిన నిపుణుణ్ణి నేనే.

యజమానిగారు ఒకరోజు పిలిచి, "ఇప్పుడంతా ఇంటర్నెట్టే అంటున్నారయ్యా, నువ్వు ఖాళీగానే ఉంటావు కదా, ఒకటి రాసెయ్" అన్నారు. అలాంటి పుస్తకాలు కొన్ని ముందు పెట్టుకుని, చేత్తో రాశాను. అప్పటికి నేను ఈమెయిల్ మొహం చూడలేదు. రెండో ముద్రణ వచ్చాక, రాసినవాణ్ణి నేర్చుకోకపోతే బాగుండదని, టైపిస్టు భోజనానికి వెళ్ళినప్పుడు కూర్చున్నాను. నాకంటూ చిరునామా లేదు. అట్ట మీద నీది ఉంది.

ఆరో పాఠం చేసింది నేను. పైనున్న ఉత్తరంలో సీటు ఇచ్చామని ఉంటే, ఎవరు పెట్టారో గాని భలే నమూనా పెట్టారు అనుకున్నాను. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడైనా తట్టాలి. తట్టింది కూడా. అందుకే దాన్ని అభిప్రాయంలా చదివాను.

పదకొండోదీ నాదే. ఫోన్ నంబరు అడిగితే ఆఫీసుది ఇచ్చాను. ఆ తర్వాత ఎవరో ఆడగొంతు, వేళాపాళా లేకుండా ఫోన్ చేసి అంకెలు చదువుతోంది. "ఎవరి పిల్లవమ్మా, ఎక్కాలు నాకెందుకు చెబుతున్నావు?" అంటే వినదు, మళ్ళీ అవే అంకెలు. విసుగొచ్చి పెట్టేసేవాణ్ణి. నీ తా.క. చదివాక గాని తెలియలేదు.

కొత్త పాస్‌వర్డ్ వేరే చీటీ మీద రాసి ఇందులోనే పెట్టాను. నీ గది నీకు ఇచ్చేశాను. సంతకం మాత్రం అడగకు. పుస్తకం రాసినవాడికి పుస్తకంలోది రాదని తెలిస్తే యజమాని నా కుర్చీ లాగేస్తాడు. ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారు? నువ్వు చిన్నదానివి. వచ్చే ఏడాది మళ్ళీ రాసుకోవచ్చు. ఆడపిల్లకి ఒక ఏడాది ఎంతలో గడిచిపోతుంది!

ఇట్లు,
నీ తండ్రిలాంటివాణ్ణి

తా.క. ఎనిమిదో పాఠం, చాలాకాలంగా మాటల్లేని మనిషికి రాయడం. నాకొక కూతురుంది. తను చదివించుకున్న పిల్లలు, తన ఇల్లు, అంతా ఉంది, నాతో మాటే లేదు. ధైర్యం చేసి నీ ఈమెయిల్ నుంచి ఒకటి రాశాను. జవాబు వచ్చి ఉండదు. చూసే ధైర్యం లేక మళ్ళీ తెరవలేదు. నువ్వూ అటు చూడకు.

*

జూలై 4

పెద్దాయనకి,

నమస్కారం.

లోపలికి వెళ్ళాను. పాస్‌వర్డ్ మార్చుకున్నాను. కొత్తది ఎక్కడా రాసుకోలేదు.

అటు చూడొద్దన్నారు. అన్నిటికన్నా పైనున్నది అదే, చూడక ఏం చేయను? మీ అమ్మాయి జవాబు రాసింది. మీరు పంపిన రోజే రాసింది.

మా ఇంట్లో దాని మీద పెద్ద రభస అయింది. "ఇవ్వకే! సంతకం పెట్టి పంపితేనే ఇస్తానని రాయి. ఆయన కూతురి మాట కోసం ఆయనా కాస్త ఏడవనీ" అంది అమ్మ. నాన్న ఇస్త్రీ ఆపలేదు. "ఒకరికొచ్చిన ఉత్తరం ఇంకొకరి చేతిలో పడితే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం కదే" అన్నాడు, అంతే.

అందుకని మొత్తం ఎత్తి రాస్తున్నాను. చోటు చాలకపోయినా కత్తిరించలేదు.

"నాన్నా, పేరు ఎవరిదో ఉంది గాని మాట మీదే. ఈమెయిల్ నేర్చుకుంటున్నానని, ఒక కాలేజీ వాళ్ళకి చక్కగా, ఎక్కడా నొప్పించకుండా వద్దని రాశానని సంబరంగా చెప్పారు. నాకు సీటిచ్చిన కాలేజీకీ అలాగే రాశారు, గుర్తుందా? అప్పుడు నేను వంటింట్లోనే ఉన్నాను. నన్ను పిలిచి అడగడానికి గుమ్మం దాటితే సరిపోయేది. ఇప్పుడు వద్దన్నది కూడా ఎవరో అమ్మాయి సీటే అయ్యుంటుంది. ఆమె ఎవరో కనుక్కోండి. అది ఆమెకి ఇప్పించి, ఆ సంగతి నాకు రాయండి. అప్పుడు మాట్లాడతాను. నేను ఇంకా కోపంగానే ఉన్నాను. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాను."

ఉత్తరం కింద ఆమె ఇచ్చిన ఇంటి చిరునామా చీటీ మీద రాసి పెట్టాను. అది మీదే, నేను సంతకం కోసం అట్టిపెట్టుకోలేదు. ఇక ఏం చేస్తారో మీ ఇష్టం.

కాలేజీ గుమస్తాను అడిగాను. ఆఫీసు కాగితం అక్కర్లేదట. ఆ జవాబు రాసిన మనిషి మామూలు కాగితం మీద "రాసింది నేను, ఆమె కాదు" అని సంతకం పెడితే చాలట. మీ యజమాని దాకా పోదు. పోయినా, ఒక కుర్చీకీ ఒక తలుపుకీ మధ్య ఏది పెద్దదో మీరే ఆలోచించుకోండి. వచ్చే ఏడాది మళ్ళీ రాసుకోమన్నారు. మీ అమ్మాయికి కూడా ఇలాగే చెప్పి ఉంటారు.

ఇట్లు,
ఎక్స్‌రే గది వరండా ఆవిడ కూతురు

తా.క. ఈమెయిల్ చేయకండి. సంతకం పెట్టిన కాగితం పోస్టులోనే పంపండి. పెట్టనంటే ఆ మాటే రాయండి, మర్యాదగా రాయనక్కర్లేదు. ఏదైనా సరే, జూలై ఎనిమిదో తేదీలోగా నాకు మీ జవాబు అందాలి.