పాట వేగం తగ్గించే హక్కు

2025 మే 14, బుధవారం. ఎండ గట్టిగా ఉంది. పడమటి గాలి, మబ్బు జాడ లేదు. పొద్దున కూలర్‌లో పాత గడ్డి తీసేసి కొత్త గడ్డి పెట్టాను.

నా రోజు లెక్కలన్నీ ఇలాగే మొదలవుతాయి కనుక ఈ పత్రాన్నీ ఇలాగే మొదలుపెట్టాను. వకీలు ఇచ్చిన నమూనా ఎదురుగా ఉంది. చట్టానికి కావలసిన మాటలు అందులోంచి తీసుకుంటాను. మిగతావి నావి.

ఉరవకొండలో మోటారు రివైండింగ్ షాపు నడుపుతున్న గంగాధరప్ప అనే నేను, కీర్తిశేషులు వెంకటప్ప కుమారుడిని, బుద్ధి నిలకడగా ఉండి, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా నా చేత్తో నేనే రాసిన వీలునామా ఇది. నా బుద్ధి నిలకడ మీద నా కొడుక్కు ఈ మధ్య అనుమానం వచ్చింది. ఎందుకో మూడో అంశంలో ఉంది.

1. మేము ఉంటున్న ఇల్లు, అందులోని సామాను నా తదనంతరం నా భార్య ఆంజినమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆమె ఉండగా ఎవరూ వాటా అడగకూడదు.

2. షాపు, తీగ చుట్టే యంత్రం, పనిముట్లు నా దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్న రాజేంద్రకు. నా కుమారుడు శశికుమార్‌కు కాలిన వార్నిష్ వాసన పడదు, కాబట్టి ఇందులో అతనికి నష్టం లేదు. రాజేంద్ర తీగ నాకంటే నీటుగా చుడతాడు. ఈ మాట అతని ముఖం మీద ఎప్పుడూ అనలేదు.

3. విడపనకల్లు దారిలోని మెట్ట చేను మొత్తం శశికుమార్‌కు. అందులో మూడు బోర్లు వేశాం, మూడూ ఎండిపోయాయి. నాలుగో బోరు కోసం దాచిన సొమ్ము మాత్రం అతనికి రాదు. దానితో నేను బతికుండగానే ఒక రికార్డు ప్లేయరు కొంటున్నాను. నేను పోయాక దీని మీద తగాదా రాకూడదని కారణాలు రాస్తున్నాను.

టెంకాయ అరచేతిలో పెట్టుకొని నీళ్లు చూసే మనిషిని శశికుమార్ పోయిన నెల చేనుకు పిలిపించాడు. ఒకచోట టెంకాయ లేచి నిలబడింది. "ఈడ నీళ్లుండాయి నాయనా, ఈసారి తప్పవు" అన్నాడు శశికుమార్. ముందు మూడుసార్లు కూడా నిలబడింది కదా అన్నాను. "బోర్లతోనే బతికినావు, బోర్లంటే నీకే నమ్మకం లేదు. నీ మాదిరి మనిషిని నేను యాడా చూడలేదు" అన్నాడు. అతనన్నది నిజం. ఎండిన బోర్లలోంచి పైకి లాగిన మోటార్లన్నీ నా షాపుకే వచ్చాయి. నాకు నమ్మకం లేకపోవడానికి అదే కారణం. ఆ చేనులో కంది, కొర్ర వేసుకుంటే వానను బట్టి పండుతాయి.

4. ఆంజినమ్మ ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టింది. మగ్గం చప్పుడును దాటి వినపడేలా పాడడం అక్కడే అలవాటయింది. పెండ్లప్పుడు వాళ్ల నాయన తన ప్లేయరును, తత్వాల రికార్డులను మాకు ఇచ్చాడు. అప్పటి నుంచి పొద్దున పనులు చేసుకుంటూ రికార్డుతో కలిసి పాడేది. రికార్డు లేకుండా ఆమె పాడదు.

రెండేళ్ల కిందట గొంతుకు ఆపరేషన్ అయింది. గొంతు దిగింది. పాట పైకి పోయేచోట ఆగిపోవడం మొదలైంది. తర్వాత ఆ చరణం మొత్తం వదిలేసింది. ఇప్పుడు ప్లేయరు మూతే తెరవడం లేదు. అడిగితే, "బెల్టు సాగిపోయిండాది, మార్చు" అంది. ఆ బెల్టును నేను కొత్తగా వేసి నెల కూడా కాలేదు.

బాగుచేసుకోగలిగిన వస్తువును వదులుకోకూడదనేది నా పద్ధతి. కాబట్టి ముందు పాతదాన్నే సరిచేసి చూశాను. అందులో పక్కనున్న చిన్న మోటారు రబ్బరు బెల్టుతో పళ్లేన్ని తిప్పుతుంది. ఆంజినమ్మ ఊళ్లో లేనప్పుడు మోటారుకు చిన్న చక్రం వేశాను. పాట నిదానించి, శ్రుతి దిగింది. కానీ దిగేది ఒక్కచోటికే. ఆమె గొంతు పొద్దున ఒక రకం, సాయంత్రం ఒక రకం. మిషన్ ఆమె కోసం ఆగదు. చక్రం తీసేశాను.

శశికుమార్ తన ఫోనులోనే ఆ పాట శ్రుతి దించి చూపించాడు. పాడే మనిషి నీళ్లతొట్టిలో కూర్చున్నట్టుంది. ఆంజినమ్మ విని, "ఎవరప్పా ఈయప్ప, జలుబు చేసిండాదా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

5. బెంగళూరులో నాగేశ్వర అనే ఆయన పాత జపాన్ ప్లేయర్లకు మార్పులు చేసి అమ్ముతాడు. వాటిలో బెల్టు ఉండదు. మోటారు పళ్లెం కిందనే ఉంటుంది, అందులో తిరిగే భాగం పళ్లెమే. దీన్ని డైరెక్ట్ డ్రైవ్ అంటారు. ఇంత నిదానంగా, ఇంత నిక్కచ్చిగా తిరిగే మోటారును నేను చూడలేదు. మన ఊరి కరెంటు ఎంత ఎగిరిపడినా దాని వేగం మారదు. గుర్రుమనే శబ్దం రాకుండా ఆయన ట్రాన్స్‌ఫార్మర్‌ను బయట వేరే పెట్టెలో పెట్టాడు. సూదిని మోసే చేయి మార్చాడు. వేగం పెంచి తగ్గించే జారుడు మీట ఒకటి పక్కన ఉంటుంది. అది పనిచేసే మేరను రెట్టింపు చేశాడు. నాకు కావలసింది ఆ మీట.

గొంతు డాక్టరుకు చూపించడానికి వెళ్లినప్పుడు ఆంజినమ్మను ఆయన దగ్గరికి తీసుకుపోయాను. సంచి ఒళ్లో పెట్టుకొని స్టూలు మీద కూర్చుంది. మా తత్వాల రికార్డునే వేయించాను. ఆమె గోడ మీది క్యాలెండర్ చూస్తుండగా మీటను కొంచెం కొంచెంగా తగ్గింపు వైపు జరిపాను. మొదటి చరణం ఊరికే విన్నది. రెండో చరణానికి పెదవులు కదిలాయి. పాట పైకి పోయేచోటికి వచ్చేసరికి పాడుతోంది. ఆగలేదు. నాగేశ్వర అటు తిరిగి, సర్ది ఉన్న స్క్రూడ్రైవర్లను మళ్లీ సర్దాడు.

పాట అయ్యాక ఆమె, "ఈ మిషన్ మంచిదప్పా. మా ఇంటి మిషన్‌లో పాడే ఆయప్పకు ఎప్పుడూ బస్సు పోతాండాదని తొందర" అంది.

కొనాలా వద్దా అనే సంగతి నాకు అక్కడే తేలిపోయింది. ఆ ప్లేయరు ఆంజినమ్మ సొంతం. బోరుకు దాచిన సొమ్ము దానికి వాడినందుకు నన్ను ఎవరూ లెక్క అడగనక్కరలేదు.

6. ఆ మీట మీద హక్కు, బాధ్యత నా తదనంతరం శశికుమార్‌వి. అతను తల్లితోనే ఉంటాడు. నాకు మోటారు చెవి ఉంది గానీ పాట చెవి లేదు, అతనికి ఉంది. ఆమె గొంతు ఏటేటా ఇంకా దిగుతుంది. దిగినంత మేర మీట తగ్గించాలి. ఆమె ఆగిపోయాక తగ్గిస్తే ఆలస్యమైనట్టే. ఇది ఆమెకు తెలియకూడదు. తన కోసం పాటను దించారని తెలిస్తే మళ్లీ పాడదు. కాబట్టి నాలుగు, ఐదు, ఆరు అంశాలను ఆమె గదిలో లేనప్పుడే చదవాలి.

7. పాత ప్లేయరు, దానికి కొని ఉంచిన బెల్టులు ఆంజినమ్మ తమ్ముడు జయరాముడికి. వాళ్ల నాయన వస్తువు వాళ్ల ఇంటికే చేరాలి. దానితోపాటు అప్పడంలా వంగిన రికార్డు కూడా అతనికే ఇస్తున్నాను. దాన్ని జీపు బానెట్ మీద ఎండకు పెట్టి పేకాటకు కూర్చున్నది అతనే. అడిగితే, "రెండో పక్క బాగనే ఉండాది గదా బావా" అన్నాడు. రెండో పక్క ఎలా ఉందో అతను తీరిగ్గా వినవచ్చు. ప్లేయరును మాత్రం ఎండలో పెట్టకూడదు.

8. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత పుట్టపర్తిలో ఉంటున్న నా కుమార్తె అరుణజ్యోతిది. మా ఇద్దరి తర్వాత కొత్త ప్లేయరు, రికార్డులు ఆమెకు. నా మల్టీమీటరు కూడా ఆమెకే. చిన్నప్పుడు దాని ముల్లు కదలడం చూడాలని ఇంట్లో బ్యాటరీలన్నీ పట్టుకొచ్చేది.

9. సంతకానికి ముందు సవరణ. పై ఎనిమిది అంశాలు రాసి, ప్లేయరు తీసుకుంటున్నానని చెప్పడానికి నాగేశ్వరకు ఫోన్ చేశాను. "మీరు ఇప్పుడు చెప్తాండారా అన్నా. అక్క పోయిన వారమే ఫోన్ చేసింది" అన్నాడు. ఏమన్నదని అడిగాను. కొంచెం నసిగి చెప్పాడు. "ఆ మిషన్ ఇంకెవరికీ ఇయ్యద్దు, మాకే కావాల. ఆ పొద్దు మా ఆయన మీటను యాడ ఆపినాడో ఆడ తెల్లరంగుతో గుర్తు పెట్టి పంపు. ఆయనకు కండ్లు సరిగా కనపడవు, ఊరికే తడుముకుంటాడు. నేను చూసినట్టు మాత్రం చెప్పద్దు" అందట.

కావున ఆరో అంశంలో "ఇది ఆమెకు తెలియకూడదు" అన్నచోటి నుంచి చివరి వరకు కొట్టివేస్తున్నాను. వాటి స్థానంలో ఇలా చదువుకోవాలి: ఆమెకు తెలుసు. మీట జరిపేటప్పుడు ఆమె క్యాలెండర్ వైపు చూస్తుంది. శశికుమార్ కూడా ఏమీ జరపనట్టే ఉండాలి.

10. మిద్దె మీది నీళ్ల ట్యాంకు, నిచ్చెన, మిగిలిన రాగి తీగ సంగతి. సాక్షులు వచ్చి కూర్చున్నారు. వాళ్లలో శ్రీరంగప్ప మళ్లీ టీ అంగడి తెరవాలి. ఇది ఖాళీగానే ఉండనీ.

ఉరవకొండ, 14-5-2025
(సంతకం) గంగాధరప్ప

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
శ్రీరంగప్ప, టీ అంగడి, ఉరవకొండ
వనజాక్షి, టీచరు, మా పక్కింటి ఆమె