కేకు డబ్బాకు తీసిన తలుపు

రుక్కమ్మకు, కోకాపేట నుంచి ఎల్లేశం. ఒళ్ళు బాగానే ఉంది, నిలబడి నిలబడి కాళ్ళే లాగుతున్నాయి. ఫోనులో చెప్పలేక ఈ పోస్టుకార్డు రాస్తున్నాను.

సోమవారం ఒకడు రెండు చేతులా కేకు డబ్బా పట్టుకుని, నేను కాపలా ఉండే ఆఫీసుకు వచ్చి, "అన్నా, ఐడీ కార్డు జేబుల ఉంది, జర తలుపు తియ్యవా" అన్నాడు. చేతులు ఖాళీ లేని మనిషిని నిలబెట్టలేక తీశాను. ఆ డబ్బాలోనే రెండు లాప్‌టాప్‌లు పెట్టుకుపోయాడు. వాడు బయటికి పోయేటప్పుడూ తలుపు తీసింది నేనే. ఉద్యోగం పోలేదు. కానీ నిన్న, రోజూ నన్ను పలకరించే సంయుక్త మేడం కార్డు మరిచి వస్తే వానలో బయటే నిలబెట్టాను.

మన పెరటి తలుపు గొళ్ళెం వదులైంది కదా, వడ్లాయనను పిలిచి బిగింపించు. బుజ్జికి దగ్గు తగ్గిందా? దానికి నా దీవెనలు. వచ్చే నెల వస్తాను. నా గొంతు వినబడినా, ఎవరని అడిగాకే తలుపు తియ్యి.