మల్లిక మధ్యాహ్నం ఎక్కడ తినాలి

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ కూతురు మల్లిక ధర్మపురిలో కాలేజీలో చేరింది. మధ్యాహ్నం బయటే తినాలి. వేరుశనగ పడని పిల్ల ఈ తమిళ ఊళ్లో ఏం తింటుందోనని వారం నుంచి నాకు నిద్ర లేదు. చిన్నప్పుడు తీర్థమలై గుడి దగ్గర ఒక్క చిక్కీ ముక్కకే దాని గొంతు వాచిపోతే, నువ్వు భుజాన వేసుకుని పరుగెత్తడం ఇంకా కళ్లముందే ఉంది.

ఈ రోజు ఇద్దరం బస్టాండు చుట్టూ ఉన్న హోటళ్లు తిరిగాం. మొదటి మెస్సులో చట్నీ నిండా వేరుశనగే. రెండో చోట వంటనూనే వేరుశనగది. మూడో చోట అడిగితే, "కొంచెమే కదమ్మా, ఏమీ కాదు" అన్నాడు. మల్లిక చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను.

చివరికి కాలేజీ ఎదురుగా కొత్తగా పెట్టిన శాండ్‌విచ్ కొట్టుకు వెళ్లాం. నేను నోరు తెరిచేలోపే మల్లిక తమిళంలో అడిగేసింది. చట్నీ కొబ్బరిదేనన్నాడు కొట్టతను. మరి రొట్టె కోసే కత్తి దేనిదేనికి వాడతారని అడిగింది. అతను కత్తి, పళ్లెం కడిగి తెచ్చాడు.

మల్లిక తింటుంటే నేను దాని పెదవులే చూస్తూ కూర్చున్నాను.

"ఏంది చిన్నమ్మా, నన్నే చూస్తా ఉండావు? నీది చల్లారిపోయింది, తిను. మందు బ్యాగులోనే పెట్టుకున్నాను."

అరగంట గడిచింది. దానికేమీ కాలేదు.

"రేపట్నుంచి నేనొకతే వస్తాను" అంది.

నువ్వుంటే ఏమనేదానివో తెలియదు. నేను మాత్రం చల్లారిన నా శాండ్‌విచ్ తినేసి సరే అన్నాను.

నీ చెల్లెలు