ఆసుపత్రి గదిలోకి పాస్టరుగారిని పంపించుట గురించి

క్రీడా శిక్షణా కేంద్రం డైరెక్టరుగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కేంద్రం ఆసుపత్రిలో ఉన్న నా కుమార్తెను చూచుటకు పాస్టరుగారికి అనుమతి కోరుట గురించి.

సిటీ బస్సు డ్రైవరునైన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నా కుమార్తె తమ కేంద్రంలో బాక్సింగ్ శిక్షణ పొందుచున్నది. పోటీలకు బరువు తగ్గుటకై అన్నం మానేసి, ఎండలో ప్లాస్టిక్ కోటు తొడుక్కుని పరుగెత్తేది. నెలల తరబడి నిద్ర లేదు. ఇంట్లో మాకు కూడా చెప్పలేదు. ఆదివారాలు హాస్టలుకు వచ్చి ప్రార్థన చేయించే పాస్టరుగారి దగ్గర మాత్రమే నోరు విప్పింది: "అయ్యగారూ, బతకాలని లేదు. నా విశ్వాసం చచ్చిపోయిందేమో."

2. ఆయన, "విశ్వాసం తక్కువై కాదమ్మా, ఇది జబ్బు. ప్రార్థన నేను చేస్తాను, నువ్వు డాక్టరు దగ్గరికి పద. నేనూ వస్తాను" అన్నారు. ఆమె ఒప్పుకున్న మీదట కోచ్‌గారికి సంగతి చెప్పారు. కోచ్‌గారు "ఫైనల్స్ అయ్యాక ఏడవమనండి" అని, మరునాటి నుండి పాస్టరుగారిని గేటు దాటనివ్వలేదు. క్రమశిక్షణకు భంగమట.

3. ఫైనల్స్‌లో ఓడింది. అందరి ఎదుట కోచ్‌గారు, "నీ దేవుడు కూడా చేతులెత్తేశాడు" అన్నారు. ఆ రోజే ప్రాణం తీసుకోబోయింది.

4. ప్రస్తుతము అప్పుడప్పుడు కళ్లు తెరచుచున్నది. తెరచినప్పుడల్లా, "నాన్నా, అయ్యగారు వచ్చారా?" అంటుంది. వారు కింద మెట్ల మీదే కూర్చుని ఉన్నారు. కోచ్‌గారి సంతకం లేనిదే పైకి పంపరట. "వస్తున్నారమ్మా" అని చెప్పుచున్నాను. ఇంకెన్నిసార్లు చెప్పను సార్?

కావున నా బిడ్డ స్పృహలో ఉండగానే పాస్టరుగారిని లోపలికి పంపునట్లు ఉత్తర్వు ఇప్పించవలెననియు, ఈ తండ్రి మొర చిత్తగించవలెననియు వేడుకొనుచున్న

తమ విధేయుడు,
బాక్సర్ పిల్ల తండ్రి

తా.క.: ఈ కాగితం ఇవ్వడానికి మీ ఆఫీసు ముందు నిలబడి ఉండగా అమ్మాయి పోయింది. శవాల గదిలోకి మాత్రం పాస్టరుగారిని ఎవరూ ఆపలేదు. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టారు గానీ, సగంలోనే ఏడ్చేశారు. మిగతాది నేను చెప్పాను.

బయటికి వస్తుంటే, హాస్టల్లో మా అమ్మాయి గదిలోనే ఉండే ఇంకో పిల్ల నా చొక్కా పట్టుకుంది. "బాబాయ్, నాకూ అలాగే ఉంటోంది. చెప్తే టీములోంచి తీసేస్తారు" అంది. వాళ్లమ్మకు ఫోన్ చేశాం. పాస్టరుగారూ నేనూ ఆ పిల్లను ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం.

మీ అనుమతి అడగడం లేదు.