మీ పంచె చింపాను

ఏమండీ,

ఇవాళ మీ తద్దినం. భోజనాలు ముగియగానే తిరుమలగిరి మైదానానికి బయలుదేరాను. ముసలిదానికి ఫుట్‌బాల్ ఏమిటని మారేడ్‌పల్లి అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకున్నారు. అన్నేళ్ళు మీ చీలమండలకు గుడ్డ పట్టీలు కట్టి పంపినదాన్ని, నాకు తెలియని ఆటా!

పోలీస్ యాక్షన్‌తో ఆగిపోయిన పోటీలు మళ్ళీ మొదలయ్యాయి. హైదరాబాద్ స్టేట్ జట్టుకు ఆటగాళ్ళను ఎంచేందుకు పెద్దమనుషులు వచ్చారు. మన మనవడు యాదగిరిది మైదానం నడుమ హాఫ్‌బ్యాక్ స్థానం, ఒకప్పటి మీ చోటే. కొత్త బూట్లు తొడుక్కుని మొదటి సగమంతా జారుతూనే ఉన్నాడు. విరామంలో నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“అవ్వా, గీ బూట్లతోని పరేషాన్ అయితున్న. బంతి కాలికి తెలుస్తలేదు.”

“ఇప్పెయ్‌రా మరి! మీ తాత బూట్లేసుకొనే ఆడిండా?”

“పట్టీలు లేవు కదనే!”

సంచిలోంచి తీసిచ్చాను. పెట్టెలో దాచిన మీ పంచెను పొద్దున్నే చింపాను. కోప్పడకండి, మీరెలాగూ కట్టుకోవడం లేదు.

రెండో సగంలో యాదగిరి ఇద్దరి మధ్యనుంచి బంతి లాగి, ముందున్నవాడి కాలికి సరిగ్గా అందించాడు. గోల్ కొట్టినవాణ్ణి జనం భుజాలకెత్తుకున్నారు. మనవాడు మాత్రం పట్టీ బిగించుకుంటూ తన చోటికి నడిచాడు, అచ్చం మీలాగే.

ఎంచేవాళ్ళు మాత్రం వాడి పేరే రాసుకున్నారు. ఎవరి మనవడని అడిగితే మీ పేరు చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పానేమో, మైదానమంతా తిరిగి చూసింది.

పట్టీలు ఉతికి ఆరేశాను. పెట్టెలో మీవి ఇంకా నాలుగు పంచెలున్నాయి. వాణ్ణి ఆడనివ్వండి.